ఏడో ప్రశ్న నేను అడగలేదు

భారత రిజిస్ట్రార్ జనరల్, సెన్సస్ కమిషనర్ గారికి,

అయ్యా, నమస్కారం.

నేను కృష్ణా జిల్లాలో ప్రభుత్వ బడి టీచరుగా చేసి రిటైరయ్యాను. 2001లో ఒకసారి, 2011లో ఒకసారి జనాభా లెక్కలకి ఎన్యూమరేటర్‌గా వెళ్ళాను. 2027 ఫిబ్రవరిలో మళ్ళీ ఇంటింటికీ తిరిగి మనుషుల్ని లెక్కపెడతారని, ఈసారి కాగితం ఫారాల బదులు ఫోన్లో యాప్ ఉంటుందని, ఎవరి వివరాలు వాళ్ళే నింపుకునే వీలు కూడా ఇస్తున్నారని చదివాను. ఆ యాప్‌లో మతం గడి గురించే ఈ ఉత్తరం.

ముందుగా నా తప్పొకటి ఒప్పుకోవాలి. 2011 ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా నాకిచ్చిన బ్లాకులో నూట ముప్పై చిల్లర ఇళ్ళు తిరిగాను. పొద్దున బడి, సాయంత్రం ఈ పని. ఫారంలో 29 ప్రశ్నలు. ఏడోది మతం. ఆ ఏడో ప్రశ్న నేను మహా అయితే పది ఇళ్ళలో అడిగుంటాను. మిగతా అన్నిచోట్లా పేరు వినగానే కోడ్ వేసేశాను. హిందూ 1, ముస్లిం 2, క్రైస్తవం 3, సిక్కు 4, బౌద్ధం 5, జైనం 6. గడపకి పసుపు, గుమ్మానికి మామిడాకులు, ఇంటావిడ పేరు వెంకట సుబ్బమ్మ. ఆవిణ్ణి పట్టుకుని "మీ మతం ఏంటమ్మా" అంటే "టీచరుగారికి మతి పోయిందా" అనుకోదూ? పైగా ఇంట్లో ఒక్కరుంటారు, ఆరుగురి సంగతీ ఆ ఒక్కరే చెప్పాలి. కోడలు చంకలో పిల్లాణ్ణేసుకుని, పొయ్యి మీద పాలు చూసుకుంటూ, అత్తమామల పుట్టినతేదీలు గుర్తు తెచ్చుకుంటుంటే మధ్యలో మీ మావగారు దేవుణ్ణి నమ్ముతారా అని ఎవరడుగుతారు?

ట్రైనింగులో మాకు చెప్పింది మాత్రం వేరు. ఊహించి రాయకూడదు, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయాలి అన్నారు. కాబట్టి తప్పు మీ పుస్తకంలో లేదు. మా నూట ముప్పై ఇళ్ళ తొందరలో ఉంది.

ఒక ఇంట్లో మాత్రం అడగకుండానే జవాబొచ్చింది. పెద్దాయన, యూనియన్లో పనిచేసినాయన. చావిట్లో మంచం మీద కూర్చుని పేపరు చదువుతున్నారు. నా చేతిలో ఫారం చూసి, "మతం దగ్గర నాకేమీ లేదని రాయమ్మా" అన్నారు. లోపల్నుంచి వాళ్ళావిడ కేకేసింది. "ఆయన మాటలకేం గానీ హిందూ అనే రాయండి టీచరుగారూ. పిల్లకి సంబంధాలు చూస్తున్నాం." ఆయన నవ్వి పేపర్లోకి తల దించేశారు. నేను 1 వేశాను. ఆయన వద్దన్లేదు కదా అని సర్దిచెప్పుకున్నాను. నిజానికి నేనే ఆయన్ని మళ్ళీ అడగలేదు.

ఈ మధ్య ఎబీ డే అనే సమాజ శాస్త్రవేత్త ఇంగ్లండులో చేసిన అధ్యయనం గురించి చదివాక ఆ చావిడి మళ్ళీ గుర్తొచ్చింది. సంగతేంటంటే, ఇంగ్లండు, వేల్స్ జనాభా లెక్కల్లో మతం ప్రశ్న 2001లో మొదటిసారి పెట్టారు. ఇష్టముంటేనే జవాబివ్వొచ్చు. నూటికి 72 మంది క్రైస్తవులమని టిక్కు పెట్టారు. అక్కడ ఆదివారం చర్చిలు చూస్తే ఖాళీ. మరి ఈ 72 మంది ఎవరు? ఆవిడ ఉత్తర ఇంగ్లండులో మనుషుల దగ్గరికెళ్ళి కూర్చుని మాట్లాడింది. "మీ మతమేంటి" అని మొదలుపెట్టకుండా, "మీరు దేన్ని నమ్ముతారు" అని అడిగింది. అప్పుడు బయటపడిందేంటంటే, టిక్కు పెట్టినవాళ్ళలో చాలామందికి ఏసుక్రీస్తుతో పెద్దగా పనే లేదు. కొందరు పుట్టినప్పుడు బాప్తిస్మం ఇప్పించారు కాబట్టి పెట్టారు. కొందరు మేం ఇక్కడివాళ్ళం, పక్కింటికొచ్చిన వలసవాళ్ళం కాదు అని చెప్పుకోవడానికి పెట్టారు. ఇంకొందరికి అది మర్యాదస్తుల లక్షణంగా తోచింది, అందుకని పెట్టారు. మీరు దేన్ని నమ్ముతారంటే వాళ్ళు చెప్పిన జవాబు ఇంట్లోవాళ్ళని, స్నేహితుల్ని. దేవుడు లేడనేవాళ్ళలోనూ కొందరు పోయిన తమవాళ్ళు ఇంకా దగ్గర్లోనే ఉన్నట్టు అనిపిస్తుందని చెప్పారట.

ఆ చివరి ముక్క చదివి నేను కాసేపు ఆగిపోయాను. మా నాన్న నాస్తికుడు. కుర్రతనంలో ముదునూరు వెళ్ళి గోరాగారి ఉపన్యాసాలు విన్న మనిషి. గోరా అక్కడ 1940లో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడ పటమటకి మార్చారు కదా, ఆ రోజుల సంగతి. నాన్న మా అక్కచెల్లెళ్ళందరికీ దండల పెళ్ళిళ్ళే చేశాడు, ముహూర్తం చూడలేదు. అమ్మ పోతే కర్మకాండ లేదు, తద్దినం అసలే లేదు. కానీ పోయేదాకా అమ్మ మంచం మీద ఎవర్నీ కూర్చోనిచ్చేవాడు కాదు. "అది ఆవిడది" అనేవాడు. ఇలాంటివాణ్ణి మీ ఏడో గడిలో ఎక్కడ పెడతారు? 2001లో ఆయన బతికే ఉన్నాడు. మా ఇంటికొచ్చింది నా తోటి టీచరే. నన్నూ అడగలేదు, ఆయన్నీ అడగలేదు. మాకందరికీ 1 పడే ఉంటుంది.

ఇక మీ లెక్కలకే వస్తాను. 2011లో దేశ జనాభా 121 కోట్లు. అందులో "మతం తెలపనివారు" అన్న పద్దు కింద చూపించింది 28,67,303 మందిని. 2001లో ఇది ఏడు లక్షల పైచిలుకే. పదేళ్ళలో నాలుగింతలయింది. మంచిదే, కానీ ఆ పద్దులో ఉన్నదెవరు? నాకు మతం లేదు అని గట్టిగా చెప్పినవాళ్ళా, చెప్పడం ఇష్టంలేనివాళ్ళా, ఎన్యూమరేటర్ రాయడం మర్చిపోయినవాళ్ళా? అందర్నీ ఒకే గంపలో వేస్తే ఎలా తెలుస్తుంది? జవాబివ్వకపోవడం వేరు, లేదు అని జవాబివ్వడం వేరు. బడిలో హాజరు పిలిచినప్పుడు పలకని పిల్లాడికీ, "చదవలేదు టీచర్" అని లేచి చెప్పిన పిల్లాడికీ ఉన్నంత తేడా. ఇక నాస్తికులు అన్న పేరుతోనే నమోదైనవాళ్ళు దేశం మొత్తమ్మీద 33,304 మంది. మా ఒక్క మండలం జనాభా దానికంటే ఎక్కువ. వేమన పద్యాలు వల్లె వేసి, త్రిపురనేని రామస్వామి చౌదరిని చదువుకుని, ఊరూరా హేతువాద సంఘాల సభలు చూసిన గడ్డ మీద పుట్టిన నాకు ఆ అంకె నమ్మబుద్ధి కాదు.

అలాగని ఈ దేశంలో నమ్మనివాళ్ళు కోట్లమంది దాక్కుని ఉన్నారని నేను చెప్పబోవడం లేదు. మావాళ్ళు కొందరు ఆ మాట అంటుంటారు, అది ఉత్త ఆశ. అమెరికాకి చెందిన ప్యూ రీసెర్చ్ సెంటర్ 2019 చివర్లో, 2020 మొదట్లో మన దేశంలో దాదాపు 30,000 మందిని 17 భాషల్లో ముఖాముఖి అడిగింది. నూటికి 97 మంది దేవుణ్ణి నమ్ముతామన్నారు. అది ఒప్పుకోవాల్సిందే. కానీ అదే సర్వేలో ఇంకొన్ని సంగతులున్నాయి, నాకవే ఎక్కువ ఆసక్తి. కర్మని నమ్మే హిందువులు నూటికి 77 మంది అయితే, ముస్లింలూ సరిగ్గా 77 మందే. బౌద్ధుల్లో మూడోవంతు దేవుణ్ణి నమ్మం అన్నారు. అంటే మీ 5 నంబరు కింద దేవుడు లేనివాళ్ళు హాయిగా కూర్చుని ఉన్నారు, ఎవరికీ ఇబ్బంది లేదు. మతం ఉండటం ఒక సంగతి, దేవుణ్ణి నమ్మడం ఇంకో సంగతి. మీ ఫారం రెండూ ఒకటే అనుకుంటుంది. కాదు, ఫారం ఏమీ అనుకోదు. మనం అనుకుంటాం.

మనదగ్గర ఉగాదికి కడపలో ముస్లింలు దేవుని కడప గుడికెళ్తారు, వేంకటేశ్వరుడు తమ ఇంటి అల్లుడని బీబీ నాంచారి పేరు చెప్పి. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండక్కి పీరు ఎత్తేది చాలాచోట్ల హిందువులే. 1911 లెక్కల్లో గుజరాతులో రెండు లక్షల మంది తాము "మహమ్మదీయ హిందువులం" అని రాయించుకున్నారట. అప్పటి తెల్లదొరలకి ఏం చెయ్యాలో తోచక తలపట్టుకున్నారు. మనుషులు తమకి తోచింది చెబితే గడులు చాలవు. గడులే గట్టిగా ఉంటే మనుషులు వాటికి సరిపడా సర్దుకుంటారు. 150 ఏళ్ళుగా రెండోదే ఎక్కువ జరుగుతోంది.

గడి ఎక్కడ పెడతారన్నది కూడా చిన్న విషయమేం కాదు. ఆస్ట్రేలియావాళ్ళు 2016లో "మతం లేదు" అన్నదాన్ని జాబితా అడుగునుంచి తీసి మొదట పెట్టారు. 2011లో నూటికి 22 మంది అన్న మాట, 2016లో 30 మంది అన్నారు. 2021కి 39కి దగ్గరైంది. ఐర్లండువాళ్ళు 2022లో "మీ మతమేంటి" అన్న ప్రశ్నకి "ఏదైనా ఉంటే" అన్న తోక తగిలించారు. కాథలిక్కులు 79 నుంచి 69 శాతానికి తగ్గారు. అంతా ఆ తోక మహిమే అననుగానీ, కొంతైనా ఉండదూ? ఇంగ్లండు, వేల్స్‌లో 2021కి క్రైస్తవులు 46 శాతం, మతం లేనివాళ్ళు 37 శాతం. ఇరవై ఏళ్ళ కిందటి ఆ 72తో పోల్చి చూడండి. మన దేశం అలా అవుతుందనీ కాదు, అవ్వాలనీ కాదు. అడిగే తీరుని బట్టి జవాబు మారుతుందని మాత్రమే చెబుతున్నాను. పరీక్ష పేపర్లు తయారుచేసినదాన్ని, ఆ మాత్రం తెలుసు.

మన దేశంలో ఈ ప్రశ్నకి ఇంకో బరువుంది. ఇంగ్లండులో గడి మీద టిక్కు పెడితే పోయేదేం లేదు. ఇక్కడ పోతుంది. 2011లో ఏడో ప్రశ్న మతం, దాని పక్కనే ఎనిమిదో ప్రశ్న ఎస్సీయా, ఎస్టీయా అని. ఎస్సీలు హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లోనే ఉంటారు అని మాకు గట్టిగా చెప్పారు. ఎస్టీలకి ఆ షరతు లేదు. మూలం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. మొదట హిందువులకే, 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. నా బ్లాకులో ఒక పేటలో సగం ఇళ్ళవాళ్ళు ఆదివారం బైబిలు పట్టుకుని వెళ్తారు. సర్టిఫికెట్లో హిందూ. "ఏం రాయమంటారు టీచరుగారూ" అని వాళ్ళే నన్నడిగారు. నేనేం చెప్పను? పిల్లాడి సీటు, ఉద్యోగం ఆ ఒక్క అంకె మీద వేలాడుతుంటే, నిజం చెప్పమని నేనెలా అంటాను? దీన్ని మోసం అనేవాళ్ళున్నారు. ప్రశ్నలోనే మెలిక పెట్టి జవాబుని మోసం అనడం నాకు న్యాయంగా తోచదు.

ఆ పేటలోనే అంబేద్కర్ సంఘంలో తిరిగే కుర్రాడొకడుండేవాడు, డిగ్రీ చదివాడు. "నేను చర్చికీ వెళ్ళను, గుడికీ వెళ్ళను. మతం లేదు అని రాస్తే ఎస్సీ పోతుందా" అని అడిగాడు. నాకు తెలియలేదు. సూపర్‌వైజర్ని అడిగితే, "ఎందుకొచ్చిన గొడవ, 1 వెయ్యండి" అన్నారు. ఇంటికొచ్చాక ఆ ఉత్తర్వు సంపాదించి చదివాను. హిందూ, సిక్కు, బౌద్ధ మతాలు కాక వేరే మతాన్ని అవలంబించేవాణ్ణి షెడ్యూల్డ్ కులంవాడిగా పరిగణించరు అని ఉంది. ఏ మతమూ లేనివాడు వేరే మతంవాడెలా అవుతాడు? నేను లాయర్ని కాదు, మాటలకి అర్థం చెప్పడం మాత్రం నా వృత్తి. ఈసారి కులాలు కూడా లెక్కపెడుతున్నారు. అలాంటి కుర్రాళ్ళు ఈసారి ఇంకా ఎక్కువమంది అడుగుతారు. మతం గడిలో లేదు అని రాసినంతమాత్రాన కులం గడి మూతపడదని ఎన్యూమరేటర్ చేతికిచ్చే పుస్తకంలో ఒక్క వాక్యం రాయించండి. మూతపడుతుందనుకుంటే అదైనా రాయించండి. ఏదీ రాయకుండా పదివేల రూపాయల జీతం తెచ్చుకునే కాంట్రాక్టు టీచరు మీద ఆ నిర్ణయం వదిలెయ్యకండి.

పెళ్ళి చట్టాల్లోనూ ఇదే తంతు. 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం ముస్లిం, క్రైస్తవ, పార్సీ, యూదు మతాలవాళ్ళు కాని ప్రతివాళ్ళకీ మామూలుగా హిందూ చట్టమే వర్తిస్తుంది. అంటే మా నాన్న దేవుడు లేడంటూనే చట్టం దృష్టిలో హిందువుగా పుట్టి హిందువుగా పోయాడు. మిగతా విషయాల్లో కాలం కొంచెం కదిలింది. ప్రభుత్వ ఫారాల్లో మతం చెప్పమని ఎవర్నీ బలవంతపెట్టకూడదని, లేదు అని రాసుకునే హక్కుందని బాంబే హైకోర్టు 2014లో చెప్పింది. పుట్టిన సర్టిఫికెట్ దరఖాస్తులో "మతం లేదు, కులం లేదు" అన్న గడి పెట్టమని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో ఆదేశించింది. పుట్టిన పసిబిడ్డకి దొరికే గడి డెబ్భై ఏళ్ళ నాకు దొరక్కూడదా?

మీ చట్టం మొరటుది కాదని నాకు తెలుసు. 1948 సెన్సస్ చట్టంలో ఎనిమిదో సెక్షన్ చదివినప్పుడు నవ్వొచ్చింది, ముచ్చటా వేసింది. అడిగిన ప్రతి ప్రశ్నకీ తెలిసినంతలో జవాబు చెప్పి తీరాలంటూనే, ఏ స్త్రీనీ భర్త పేరు చెప్పమని బలవంతం చెయ్యకూడదు అని మినహాయింపు పెట్టారు. 2001లో ఒక ముసలావిడ భర్త పేరడిగితే సిగ్గుపడి పక్కింటి పిల్లని పిలిచి చెప్పించింది. ఆవిడ నోటికి రాని మాట ఒకటుంటుందని గుర్తించి, దానికి చట్టంలో చోటిచ్చిన పెద్దమనుషులు, "దేవుడు లేడు" అనే మాట కూడా పక్కింటివాళ్ళ ముందు, ఊరి టీచరు ముందు నోటికి రాదని గుర్తించలేరా?

కాబట్టి నేనడిగేది పెద్దదేం కాదు. యాప్‌లో మతం దగ్గర నొక్కగానే వచ్చే జాబితాలో "మతం లేదు" కూడా కనిపించాలి, సొంత కోడ్‌తో. "ఇతరములు" నొక్కి, లోపలికెళ్ళి, టైపు చేసుకునేలా కాదు. కాగితం మీదైతే కనీసం పెన్నుతో ఏదైనా రాయొచ్చు. జాబితాలో లేనిది వేలికి తగలదు. జార్ఖండ్ ఆదివాసులు 2011లో కోడ్ లేకపోయినా తమ మతం పేరు సర్నా అని పట్టుబట్టి రాయించుకుంటే దేశం మొత్తమ్మీద దాదాపు 50 లక్షలు తేలారు. వాళ్ళ వెనక ఊళ్ళకి ఊళ్ళున్నాయి, సర్నాకి వేరే కోడ్ కావాలని 2020లో వాళ్ళ అసెంబ్లీ తీర్మానం కూడా చేసింది. చావిట్లో ఒంటరిగా పేపరు చదువుకునే పెద్దాయన వెనక ఎవరుంటారు? ఫలితాలు ప్రకటించేటప్పుడు "మతం లేదు" అన్నవాళ్ళనీ, ఏమీ చెప్పనివాళ్ళనీ విడివిడిగా చూపించండి. ఇక ట్రైనింగులో ఒక పూట ఈ ఒక్క ప్రశ్న అడగడం నేర్పించండి. నవ్వులాట కాకుండా, కోర్టు బోను కాకుండా, వయసు అడిగినట్టు మామూలుగా, ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళని ఒక్కొక్కర్నీ. పనెక్కువవుతుందని తెలుసు. బ్లాకుకి ఇళ్ళు తగ్గించండి.

స్వయంగా నింపుకునే పద్ధతి మీద నాకు కొంత ఆశ ఉంది, కొంత అనుమానం ఉంది. తెర మీద ఒంటరిగా నొక్కేటప్పుడు మనిషికి ధైర్యం వస్తుంది. కానీ ఇంటికొక్క ఫోను, ఆ ఫోను ఇంటాయన చేతిలో. కోడలి నమ్మకమో అపనమ్మకమో మళ్ళీ ఆయన వేలి కిందే.

నేను మళ్ళీ ఎన్యూమరేటర్‌గా రాను, మోకాళ్ళు సహకరించవు. మా బ్లాకులోని ఆ పెద్దాయన 2016లో పోయారు. ఆయన కోరిక ప్రకారం శరీరాన్ని మెడికల్ కాలేజీకిచ్చారు. ఇవ్వమని పట్టుబట్టింది ఆవిడేనట, పిల్ల పెళ్ళి అప్పటికి అయిపోయింది. ఆ ఇంటి ఫారం మీ దగ్గర ఎక్కడో స్కాన్ అయి ఉంటుంది. ఆయన పేరుకి ఎదురుగా ఏడో గడిలో 1 అని ఉంటుంది. అది నా చేతిరాత.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
కృష్ణా జిల్లా